నాలుగు చేతుల మందు

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. అత్తగారు ఏళ్ళ తరబడి హాల్లో పెంచుకుంటున్న ఉప్పునీటి అక్వేరియాన్ని కోడలి చేతిలో పెట్టి, కంటి ఆపరేషన్ చేయించుకున్న తన అక్కగారికి తోడుగా ఉండటానికి సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి వెళ్ళారు. ఆ ట్యాంక్‌లో చేపలు రెండే. మిగతాదంతా పగడాలు. వాటిల్లో పెద్దది, అత్తగారు బొటనవేలంత ముక్కగా తెచ్చి బతికించుకున్న కొమ్మల పగడం. పోయిన వారం నుంచి దాని కొమ్మల కొసలు తెల్లబడుతున్నాయి. కోడలు నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో కెమిస్టు. ఆమె భర్త కూడా అక్కడే, ఆమెకన్నా సీనియరు. మొన్నీమధ్య ఆమెకు ప్రమోషన్ ఇచ్చి వేరే ఊరు పంపిస్తామంటే రానని రాసిచ్చేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, భర్తకి కూడా. ‘అత్తయ్య నన్ను నమ్మి ట్యాంక్ అప్పగించి వెళ్ళారు, వదిలి ఎలా పోతాను’ అన్నది తనకు తాను చెప్పుకున్న కారణం. అత్తగారు ఆదివారం వస్తున్నారు. ఇవాళ శుక్రవారం.

కోడలు ఆఫీసు నుంచి వచ్చి, భుజాన సంచీ కూడా దించకుండా ట్యాంక్ దగ్గరికి వెళ్ళింది. సిరంజితో కాసిని నీళ్ళు లాగి చిన్న గాజు గొట్టంలో పోసింది. అందులో రంగు చుక్క వేస్తే నీళ్ళు నీలంగా మారాయి. ఇప్పుడు రెండో సీసాలోంచి ఒక్కొక్క చుక్కా వేస్తూ పోవాలి. నీలం పోయి పసుపు రంగు వచ్చేదాకా ఎన్ని చుక్కలు పడితే ఆల్కలినిటీ అంత ఉన్నట్టు. ఎనిమిది దగ్గర మారితే పగడం సుఖంగా ఉన్నట్టు లెక్క.

ఎనిమిది దాటింది. పది దాటింది. నీలం రంగు మొండికేసి కూర్చుంది. పన్నెండు దాటాక గానీ పసుపు రాలేదు.

కోడలికి భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. ల్యాబ్‌లో ఊరందరూ తాగే నీళ్ళని కొలిచి ‘పంపొచ్చు’ అని సంతకం పెట్టే చెయ్యి అది. ఆ చేతిలో లెక్క తప్పడం అంటూ ఉండదని ఆమె నమ్మకం. నమ్మకం ఊరికే రాలేదు కూడా.

ఇక్కడ పాఠకులకి ఒక్క విషయం చెప్పాలి, భయపడకండి, పాఠం కాదు. పగడం రాయి కాదు, మొక్కా కాదు. తన ఇంటిని తానే కట్టుకునే ప్రాణి. నీళ్ళల్లో ఉన్న కాల్షియాన్నీ, ఆల్కలినిటీ అనే క్షారాన్నీ పీల్చుకుని సున్నంతో కొమ్మలు కట్టుకుంటుంది. పెరిగే కొద్దీ నీళ్ళల్లో ఆ రెండూ తరిగిపోతాయి. సముద్రంలో అయితే లోటు తెలియదు. హాల్లో ఉన్న ట్యాంక్‌కి మనమే దిక్కు, తరిగినంతా మనమే కలపాలి. తరిగిందెంతో కొలవాలి, అంతే కలపాలి. ఈ రెండు ముక్కల్లో రెండోది చాలామందికి చేతకాదు.

వారం క్రితం ఆల్కలినిటీ ఎక్కువైందని చూసి కోడలు కలపడం పూర్తిగా మానేసింది. మానేస్తే తగ్గాలి. పగడం రోజూ తింటూనే ఉంటుంది కదా. కానీ తగ్గకపోగా పెరిగింది. నీళ్ళకి అబద్ధం చెప్పడం రాదు. అంటే ఎవరో పోస్తున్నారు.

ట్యాంక్ నీళ్ళని వెచ్చగా ఉంచే హీటర్ స్విచ్ ఆపి, కాస్త చల్లారనిచ్చి, పైకి లాగింది. గాజు కడ్డీ చుట్టూ తెల్లగా పెచ్చు కట్టి ఉంది. గోరుతో గీరితే పొడిపొడిగా రాలింది.

“ఏంటమ్మాయ్ అది?” అన్నారు కుర్చీలో కూర్చున్న మామగారు. ఆయన నలభై ఏళ్ళు కటింగ్ మాస్టర్‌గా చేసి దుకాణం మూసినవాడు. పని మానేసినా మెడలో కొలత టేపు లేకపోతే చలేస్తుందనే మనిషి.

“సున్నం మామయ్యా. పగడానికి చేరాల్సింది హీటర్‌కి చేరింది.”

మామగారు టేపు కొసని వేలికి చుట్టుకుంటూ కిటికీ వైపు చూశారు. బయట చూడటానికి ఏమీ లేదు. ఎదురింటి గోడ తప్ప.

అప్పుడే వాకిట్లో స్కూటర్ ఆగింది. ఆడపడుచు లోపలికి వచ్చింది, చేతుల్లో అట్టపెట్టెతో. ఆవిడకి బజారులో అక్వేరియం సామాన్ల దుకాణం ఉంది. తల్లి దగ్గర నేర్చుకున్న విద్యతోనే పెట్టింది. నోరున్న మనిషి, పని తెలిసిన మనిషి. తల్లి అంటే ప్రాణం. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే ఎదుటివాళ్ళకి కాస్త కష్టం.

“ఏమ్మా, పరీక్ష పాసయిందా మా అమ్మ పగడం?” అంది పెట్టె టేబుల్ మీద దించుతూ.

“పగడం పాసే వదినా. మనమే తప్పాం.”

ఆడపడుచు ఆ మాట పట్టించుకోలేదు. పెట్టెలోంచి సీసాలు తీసి వరసగా పెట్టింది. రంగు తెచ్చేది ఒకటి, ఎదుగుదలకి ఒకటి. అయోడిన్ ఒకటి, స్ట్రాన్షియం ఒకటి. అమినో ఆసిడ్స్ అని రాసి ఉన్న గోధుమ రంగు సీసా. అన్నీ కలిసినది అని చెప్పే పెద్ద డబ్బా. ప్రతి సీసా మీదా మెరిసిపోయే పగడం బొమ్మ. ఆ బొమ్మల్లో ఉన్నంత ఎరుపు ఏ సముద్రంలోనూ ఉండదు.

“ఆదివారం అమ్మ వస్తుంది. ఈ తెల్లకొసలు చూసిందంటే గుండె ఆగుతుంది. రెండు రోజులు టైముంది, ఇవన్నీ మొదలుపెడదాం. నువ్వు పరీక్షల పేరు చెప్పి దాన్ని పస్తులు పెడుతున్నావు.”

“పస్తులు కాదు వదినా, అజీర్తి.”

“అదేంటి?”

కోడలు అప్పుడు సంచీ దించింది. జుట్టు ముడి వేసుకుంది. ఆఫీసులో ఎవరైనా ల్యాబ్ రిపోర్ట్ తప్పని వాదనకొస్తే ముందు ఆమె చేసే పని ఇదే. అది తెలిసిన భర్త వంటింటి గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని ఉన్నచోటే ఆగిపోయాడు. పంచదార కూడా తూకం వేసి టీ పెట్టే రకం ఆయన. టీ మాత్రం అద్భుతంగా ఉంటుంది.

“ఇందులో స్ట్రాన్షియం ఎంత తక్కువుందో మీరు చూశారా వదినా? కొలిచే కిట్ మీ దుకాణంలో ఉందా?”

“అది ఎవరూ కొలవరు. సీసా మీద రాసినంత వెయ్యడమే.”

“నేను కొలవలేనిది నేను పొయ్యను. సీసా తయారుచేసినవాడికి మన ట్యాంక్ తెలియదు. ఇవన్నీ మనం నీళ్ళు మార్చినప్పుడు ఉప్పుతో పాటు వచ్చేస్తాయి. రోజూ తరిగేవి రెండే, కాల్షియం, ఆల్కలినిటీ. వాటికి రెండు సీసాలు చాలు. మెగ్నీషియం అప్పుడప్పుడు చూసుకుంటే సరిపోతుంది.” అలా అంటూనే సీసాలు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. చివరికి టేబుల్ మీద రెండు మిగిలాయి. “ఇప్పుడు ఈ రెండు కూడా వద్దు. ఎందుకంటే ఆల్కలినిటీ పన్నెండు దాటింది. మీరు పోస్తున్నారు కాబట్టి.”

 

ఆడపడుచు బుకాయించే మనిషి కాదు. “పోస్తున్నాను. అయితే ఏంటి? అమ్మ తాళం చెవి నా దగ్గరా ఒకటి పెట్టింది. నువ్వు బస్సెక్కాక, నాన్న వాకింగ్‌కి వెళ్ళాక రోజూ వస్తున్నాను. ఆల్కలినిటీ మూతెడు పోస్తున్నాను, కాల్షియం మూతెడు పోస్తున్నాను, దుకాణం తెరవడానికి పోతున్నాను. అమ్మే చెప్పింది.”

“రెండూ ఒకేసారా?”



కోడలు ఒక గ్లాసులో ఉప్పునీళ్ళు తీసుకుంది. ఆ రెండు సీసాల మూతలు తీసి, మొదటిది కొంచెం, వెంటనే రెండోది కొంచెం పోసింది. అందరూ చూస్తుండగానే నీళ్ళు విరిగిన పాలలా తెల్లగా అయ్యాయి.

“రెండింటికీ మధ్య గంట తేడా ఉండాలని నాకు తెలియదనుకున్నావా?” అంది ఆడపడుచు, గొంతు తగ్గించి. “దుకాణానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది నేనే. కానీ నాన్న తిరిగొచ్చేలోపు పని కానిచ్చుకుని బయటపడాలి కదా. దొంగతనంగా పోసేదానికి గంట తేడా ఎక్కడ కుదురుతుంది?”

ఆవిడ ఎంత నిజాయితీగా ఆ మాట అందంటే, కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని టీ గ్లాసు అందుకుంది. కానీ రెండు గుక్కలు తాగేసరికి ఆమె బుర్ర మళ్ళీ పనిలో పడింది. రోజుకి మూతెడు అంటోంది. ట్యాంక్‌లో ఉన్న నీళ్ళకి మూతెడు పోస్తే ఎంత పెరగాలి? పగడం తిన్నది తీసెయ్యాలి. హీటర్‌కి అంటుకున్నది తీసెయ్యాలి. మనసులో లెక్క వేసింది. మళ్ళీ వేసింది.

“వదినా, మీరు పోసింది సగానికి సరిపోతుంది, అంతే. మిగతా సగం ఎవరిది?”

మామగారు దగ్గారు. మామూలు దగ్గు కాదు. చిన్నప్పుడు క్లాసులో దొరికిపోయినవాళ్ళు దగ్గే దగ్గు. కుర్చీలోంచి లేచి, వంటింట్లోకి వెళ్ళి, వంటసోడా డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టారు.

“నాన్నా!” అంది ఆడపడుచు.

“ఇది పోసినా అదేనటగా. మీ అమ్మ ఎప్పుడో చెప్పింది, ట్యాంక్ పెట్టిన కొత్తల్లో ఇదే వేసేదాన్ని అని. అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు ఒక చెంచా వేస్తున్నాను.”

“కుప్పగానా మామయ్యా, అంచుకి సమంగానా?”

“కంటి కొలతమ్మా. నలభై ఏళ్ళు ఆ కంటితోనే కత్తిరించాను. ఒక్క చొక్కా బిగుతు కాలేదు.”

“ఇప్పుడు బిగుతైంది మామయ్యా.” కోడలు ఆయన్ని ట్యాంక్ దగ్గరికి తీసుకెళ్ళి కొమ్మల కొసలు చూపించింది. “క్షారం ఎక్కువైతే లోపలి సున్నం తొందరతొందరగా పెరిగిపోతుంది. పైనున్న మెత్తటి ఒళ్ళు దాంతో పాటు పెరగలేదు. అందుకే కొసల్లో ఎముక బయటపడింది.”

మామగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. చాలాసేపు చూశారు. “మనిషి పెరిగాడు, గుడ్డ చాల్లేదు,” అన్నారు. ఆ అన్న గొంతులో నిజమైన బాధ ఉంది. ఏ కొలతలో తప్పు జరిగిందో ఆయనకి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది.

“మీరు కూర్చోండి నాన్నా,” అన్నాడు కొడుకు. ఆ తర్వాత గోడకేసి చూస్తూ, “నాది లెక్కలోకి రాదు. అది ఆల్కలినిటీని కదిలించదు,” అన్నాడు.

కోడలు మెల్లగా తల తిప్పింది. “ఏది కదిలించదు?”

“అయోడిన్.”

“ఎంత?”

“మూతలో సగం. సుమారుగా.”

“సుమారుగా,” అంది కోడలు. నీళ్ళల్లో క్లోరిన్ కొలిచేటప్పుడు పక్కవాడు ఊపిరి గట్టిగా వదిలితే కసిరే మనిషి. టీలో పంచదార తూకం వేసే మనిషి. ఇంటికొచ్చి అయోడిన్ సుమారుగా పోశాడు. “ఎందుకండీ?”

“రంగు బాగుంటుందని. ఎలాగూ ఇంకో నెలలో నా ఆర్డర్ వస్తే వెళ్ళిపోతాం కదా. అమ్మ పగడం నా చేతుల మీదుగా బాగుపడిందనిపించుకుని వెళ్దామనుకున్నాను.” ఆయన ఆ మాట నమ్మకంగా అన్నాడు. పెద్దమ్మ ఊళ్ళో కట్టిన కొత్త నీటి ప్లాంట్‌లో ల్యాబ్ ఇన్‌చార్జి పోస్టుకి ఆయన పెట్టుకున్నాడు. అడిగి చాలాకాలమైంది. వస్తుందని ఆయనకి సందేహం లేదు. అక్కడే ఉన్నావు కదా, ఇల్లొకటి చూసి పెట్టమని తల్లికి చెప్పాడు కూడా.

కోడలు గ్లాసు కింద పెట్టింది. ఆ ఆర్డర్ మాట ఎప్పుడు వచ్చినా ఆమె ఏదో ఒక వస్తువు సర్దడం మొదలుపెడుతుంది. ఇప్పుడు సోడా డబ్బా మూత బిగించింది.

“సరే, ఒక్కటి చెప్పండి,” అంది. “మీరు ముగ్గురూ ఎందుకు దాచిపెట్టి పోశారు? నాతో చెప్తే నేనేం వద్దనేదాన్నా?”

“చెప్పొద్దంది అమ్మ,” అంది ఆడపడుచు. “వెళ్ళేరోజు దుకాణానికొచ్చింది. చెయ్యి పట్టుకుని, ‘నిన్ను నమ్మి వెళ్తున్నాను, దాన్ని నువ్వే చూసుకోవాలి’ అంది.”

మామగారు తలెత్తారు. “నాకూ అదే చెప్పిందే. బస్టాండులో. ‘మిగతావాళ్ళ దగ్గర అనకండి’ అంది.”

“‘చిన్నబుచ్చుకుంటారు’ అని కూడా అందా?” అన్నాడు కొడుకు.

“అంది,” అన్నారు తండ్రీ, కూతురూ ఒక్కసారే.

ఆ వాక్యం కోడలికి కంఠతా వచ్చు. నిన్ను నమ్మి వెళ్తున్నాను, దాన్ని నువ్వే చూసుకోవాలి, మిగతావాళ్ళ దగ్గర అనకు, చిన్నబుచ్చుకుంటారు. అత్తగారు ఇదే ట్యాంక్ ముందు నిలబడి, చెయ్యి పట్టుకుని చెప్పారు. కన్న కూతుర్ని కాదని, దుకాణం ఉన్న కూతుర్ని కాదని, తనకి అప్పగించారనుకుంది. ఆ రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు. తర్వాత వారమే ఆఫీసులో ఆ కాగితం ముందు పెడితే, ఈ వాక్యం తలుచుకునే ‘రాను’ అని రాసింది. ఇప్పుడు చూస్తే ఆ వాక్యం ఇంట్లో తలా ఒకటి ఉంది.

బాధ కలిగింది. దాచడమెందుకు, బాగానే కలిగింది. కానీ ఆమె బాధపడితే మంచం ఎక్కే రకం కాదు, సంగతి తేల్చుకునే రకం. ఫోన్ తీసి అత్తగారికి కలిపింది. స్పీకర్ నొక్కి టేబుల్ మీద, రెండు సీసాల మధ్య పెట్టింది.

“చెప్పమ్మాయ్,” అన్నారు అత్తగారు. వెనక ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు.

“అత్తయ్యా, అందరం ఇక్కడే ఉన్నాం. ట్యాంక్ మీరు ఎవరికి అప్పగించి వెళ్ళారు?”

అటు నుంచి నవ్వు వినబడింది. “పట్టుబడ్డారా? ఇంకా ముందే పట్టుబడతారనుకున్నాను.”

“ఏంటమ్మా ఇది?” అంది ఆడపడుచు. “నలుగురికీ ఒకే మాట చెప్తావా?”

“అందర్నీ కూర్చోబెట్టి ట్యాంక్ చూసుకోండి అని ఉంటే ఏమయ్యేదే? కోడలు చూస్తుందిలే అని నువ్వు, అక్క చూస్తుందిలే అని వాడు, ఇంతమంది ఉన్నారుగా అని మీ నాన్న. ఈపాటికి ట్యాంక్‌లో నీళ్ళు సగం ఆవిరయ్యేవి. మీ సంగతి నాకు తెలియదా? విడివిడిగా చెప్పాను, నలుగురూ చూసుకున్నారు.”

“కాస్త ఎక్కువ చూసుకున్నాం అత్తయ్యా. కొసలు తెల్లబడ్డాయి.”

“తెలుసు. మీ మామయ్య రోజూ ఫోటో పంపిస్తున్నారు. కింద మొదలు రంగు ఎలా ఉంది?”

“నిలబడే ఉంది. కొమ్మల మీద చిన్న చిన్న నోళ్ళు దీపం ఆర్పితే తెరుచుకుంటున్నాయి.”

“అయితే బతుకుతుంది. ఏం చేయబోతున్నావు?”

“ఏమీ పొయ్యను. ఎవర్నీ పొయ్యనివ్వను. రోజూ కొంచెం కొంచెం నీళ్ళు మారుస్తాను. ఆల్కలినిటీ దానంతటది దిగాలి, యాసిడ్ పోసి లాగను. ఎక్కువైన అయోడిన్‌ని పీల్చెయ్యడానికి బొగ్గు సంచీ వేస్తాను. ఎనిమిదికి వచ్చాక రెండే సీసాలు, గంట తేడాతో, కొలిచి. వదిన కాల్షియం పోస్తారు, నేను ఆల్కలినిటీ పోస్తాను. మామయ్య హీటర్ మీద పెచ్చు తీస్తారు.”

“మరి నేను?” అన్నాడు భర్త.

“మీరు ముట్టుకోరు.”

ఫోన్లో అత్తగారు మళ్ళీ నవ్వారు. “నేనున్నా అదే చేసేదాన్ని. ఒక్క అక్షరం తేడా లేదు. మాట అందరికీ చెప్పాను గానీ, ఇలాంటి రోజొస్తే నిలబడేది నువ్వేనని తెలుసు.”

కోడలికి కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు. ఆడపడుచు చూసింది. మొహం ముడుచుకోలేదు సరికదా, పెట్టెలో సర్దిన సీసాల మీద అట్టమూత మూసేసి, తనే పక్కకి నెట్టింది.

“ఆదివారానికి పూర్తిగా తేరుకోదు అత్తయ్యా. కొసల మీద మళ్ళీ ఒళ్ళు రావాలంటే టైం పడుతుంది.”

“పట్టనీ. నేను ఆదివారం రావడం లేదు.”

మామగారు కుర్చీలో ముందుకు జరిగారు. “అక్కయ్యకి ఇంకా తగ్గలేదా?”

“అక్కయ్య కులాసాగా ఉంది. సంగతేంటంటే, ఇక్కడ బీచి పక్కన జనానికి చూపించే పెద్ద అక్వేరియం ఉంది. మందులకి వెళ్ళినప్పుడల్లా తొంగి చూసేదాన్ని. పగడాల గది చూసుకునే మనిషి లేక అల్లాడిపోతున్నారు. ఒకరోజు ఉండబట్టలేక, మీరు పోసేది తప్పు అని చెప్పాను. రెండు రోజులు దగ్గరుండి చూపించాను. ఇప్పుడు జీతమిస్తాం, సోమవారం నుంచి రమ్మంటున్నారు. వస్తానన్నాను. ఏమండీ, మీకు విడిగా చెప్దామనుకున్నాను. మీరూ వచ్చెయ్యండి. ఈ వీధిలో ఒక్క టైలరూ లేడు.”

మామగారు మెడలో టేపు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. మొహంలో మాత్రం ఇరవై ఏళ్ళు తగ్గాయి.

“బాగుందమ్మా, అందరం అక్కడే ఉంటాం అయితే,” అన్నాడు కొడుకు ఉత్సాహంగా ఫోన్ దగ్గరికి వంగి. “నా ఆర్డర్ కూడా వచ్చేస్తుంది. కొత్త ప్లాంట్ నీకు దగ్గరేనా?”



“దగ్గరే నాన్నా. మా తొట్టెల నీళ్ళు పరీక్షకి ఆ ల్యాబ్‌కే పంపుతారు. నిన్న నేనే పట్టుకెళ్ళాను.” అత్తగారి గొంతు నెమ్మదించింది. “ఇన్‌చార్జి కుర్చీ ఖాళీగా ఉంది. రావాల్సినావిడ రానని రాసిచ్చిందట. ఇంకా వేరేవాళ్ళని వెయ్యలేదు.”

“రావాల్సినావిడా?” అన్నాడు భర్త. “ఆవిడెవరు? ఎక్కణ్ణించి?”

“మీ ఆఫీసు నుంచే.”

కోడలు ఫోన్ వైపు చెయ్యి చాపింది. స్పీకర్ ఆపేసి, చెవి దగ్గర పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది కూడా.

“అమ్మాయ్,” అన్నారు అత్తగారు, “కుటుంబ కారణాలు అని రాశావట. ఆ కుటుంబం ఇప్పుడు నీ ఎదురుగానే కూర్చుని ఉంది. వాళ్ళకి చెప్పావా?”

ట్యాంక్ కోసమే ఆగాను అనొచ్చు. ఇందాకటిదాకా అది ఆమెకే నిజంలా ఉంది. కానీ అత్తగారు తిరిగి రావడమే లేదు, పగడాన్ని చూసుకోవడానికి పని తెలిసిన ఆడపడుచు ఉంది, ఆ కారణం ఇక నిలబడదు. ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు కళ్ళ ముందు కనిపించింది పగడం కాదని ఆమెకి ఇప్పుడు ఒప్పుకోక తప్పలేదు. పక్క బల్ల దగ్గర తల వంచుకుని పని చేసుకుంటున్న ఈ మనిషి వీపు కనిపించింది.

భర్త టీ గ్లాసు పట్టుకునే ఆమె వైపు తిరిగాడు. “ఏం చెప్పాలి?” అన్నాడు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫోన్ని అలాగే ఉండనిచ్చింది.

“మీరు అడిగిన పోస్టు నాకిచ్చారండీ,” అంది. “మీకు చెప్పలేకే వద్దన్నాను.”